నల్లరాతికి వెండిరంగా?

గుడి ముందు ఆగిన ఆటోలోంచి మొదట దిగింది వెండిరంగు డబ్బా. వందన చూపు దాని మీదే ఆగిపోయింది.

"అదెందుకు మహిపాల్?" అని మరిదిని అడిగింది.

"గుడి స్తంభాలకు వదినా. మసి పట్టినట్టు నల్లగున్నయ్. శివరాత్రికి తళతళ మెరవాలె. బాపు పేరు మీద మనమే రంగు ఏయిస్తున్నం," అన్నాడు మహిపాల్ మీసం దువ్వుతూ. గుడి కమిటీకి అతను కొత్త చైర్మన్. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఆ కుటుంబానికి రుద్రంగి దగ్గరి ఈ ఊరే సొంతూరు.

వందన చెప్పులు విడిచి మంటపంలోకి నడిచింది. కాకతీయుల నాటి గుడి అంటారు. మధ్యలో నాలుగు నల్లరాతి స్తంభాలు. కుమ్మరి సారె మీద తిప్పినంత నున్నటి గుండ్రాలు, వాటి మధ్య చీర అంచులాంటి సన్నటి లతలు. ఒక స్తంభం మీద నాట్యం చేస్తున్న పిల్ల. ఆమె కాలి గజ్జెలకూ మడమకూ మధ్య వెలుతురు కనబడుతోంది. వందన కొంగులోంచి ఒక పోగు లాగి ఆ సందులో దూర్చింది. పోగు అవతలికి వచ్చింది.

ఒక్క పూత పడితే ఈ సందు మూసుకుపోతుంది.

గబగబా బయటికొచ్చింది. "వద్దు మహిపాల్. గా చెక్కుడు పనంత కప్పుకపోతది."

"గీ రాళ్ళను ఎవ్వడు చూస్తడు వదినా?"

"నేను చూస్తున్న గద!"

"నీ ఒక్కదాని కోసం కమిటీ మాట మారుస్తదా? ముందుగాల కోడెమొక్కు కానియ్యి, పెయింటర్లు ఆగిన్రు. పెద్ద కోడలివి, తాడు పట్టు." కోడెను తోలుకొచ్చిన మల్లక్క దగ్గర తాడందుకుని వదిన చేతిలో పెట్టాడు.

మొక్కిన కోడెను గుడి చుట్టూ తిప్పి వాకిట్లో గుంజకు కట్టాలి. కట్టిన చెయ్యే విప్పాలి. విప్పేదాకా గుడిలో ఏ పనీ ముట్టరాదు. ఇంకొకరు విప్పితే మొక్కిన ఇంటికే అరిష్టమని ఆ ఊరి నమ్మకం.

వందన కోడెను తిప్పింది. కట్టింది. గుంజ పక్కనే బాసింపట్టు వేసుకుని కూచుంది.

"ఇగ విప్పు వదినా."

"విప్ప."

"ఏందీ?"

"డబ్బాలు వాపస్ పోయేదాక విప్ప."

నిచ్చెన మీది పెయింటర్ కిసుక్కున నవ్వాడు. మహిపాల్ ముఖం ఎర్రబడింది. "అన్నకు ఫోన్ చేస్త!"

"చెయ్యి. స్పీకర్ల పెట్టు, అందరింటరు."

"కోడెకు ఆకలైతది."

"మల్లక్కా, గడ్డి దొరుకుతదా?"

"మోపులకు మోపులు తెస్త బిడ్డా," అంది మల్లక్క చీర చెంగు బిగిస్తూ.

"బాపు పేరు చెడగొడుతున్నవ్ వదినా!"

"మామ పేరెత్తకు. పోగు తెగితే మగ్గమాపి అతికిచ్చినంకనే నడిపేటోడు. ఆయన పేరు మీద గసొంటి పనిని పాడుచేస్తవా?"

మహిపాల్ విసురుగా వచ్చి తాడు మీదికి చెయ్యి చాచాడు.

"దమ్ముంటే విప్పు," అంది వందన, కదలకుండా.

వాకిట్లో జనం మూగారు. అందరి కళ్ళూ ఆ చేతి మీదే. చెయ్యి గాల్లోనే ఆగింది, వెనక్కి పోయింది. ఎండ నడినెత్తికొచ్చింది. మల్లక్క రెండో మోపు గడ్డి వేసింది. కోడె హాయిగా నమలసాగింది.

"ఎక్కియ్యిండ్రా డబ్బాలు!" అని అరిచాడు మహిపాల్ చివరికి.

డబ్బాలు ఎక్కాయి. ఆటో స్టార్టయింది.

"ఇప్పుడన్న విప్పు, తల్లీ!"

వందన తాడు ముట్టలేదు. మంటపం మెట్ల వైపు వేలు చూపించింది.

"బ్రష్షులు అక్కడ్నే ఉన్నయ్, మరిదీ."