ఎబో క్వాన్సా వేసిన చెడ్డ వేషం

మా నాటకాల ట్రూపులో ఇరవై ఏళ్లుగా ఏడుపు ఆడవేషాలన్నీ ఎబో క్వాన్సావే. అనాథ పిల్ల, గొడ్రాలు, మొగుడు తన్ని తగలేసిన ఇల్లాలు, ఏదైనా సరే. తలకు గుడ్డ చుట్టుకుని స్టేజీ మీద కూలబడ్డాడంటే చాలు, ఆడవాళ్లు కెంకె అనే మొక్కజొన్న ముద్దలు, వేయించిన చేపలు పట్టుకుని మెట్లెక్కి వచ్చి అతని నోట్లో పెట్టేవాళ్లు. పక్కన గిటారు వాయించే నాకు మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ ఓ చేపముల్లు కూడా పెట్టిన పాపాన పోలేదు.

అలాంటివాడు ఓ రోజు కొత్త నాటకం రాసుకొచ్చాడు. అందులో అతనిది బాగా కలిగిన బట్టల వ్యాపారం చేసే మాన్సా అనే ఆవిడ వేషం. చిన్నప్పుడు తనను పెంచిన అక్క జబ్బుపడి గుమ్మంలోకొస్తే మాన్సా తలుపు తీయదు. కథంతా అంతే.

ట్రూపు యజమాని బెంట్సిల్ కాగితాలు చూసి తల బాదుకున్నాడు. "నీకు మతిగానీ పోయిందా? జనం వచ్చేది నిన్ను చూసి ఏడవడానికి. తిట్టడానికి కాదు."

"తిట్టాలనే, అన్నా. ఒక్క ఊళ్లో ఆడనివ్వు. తిట్టకపోతే మళ్లీ ఈ మాట ఎత్తను."

అతనికి తిట్లెందుకు కావాలో నాకు తెలుసు. అలాంటి అక్క అతనికి నిజంగానే ఉండేది. పేరు అరాబా. ఎబోకి అప్పుడప్పుడే పేరొస్తున్న రోజుల్లో, ఒళ్లంతా పుళ్లతో టకోరాడీలో అతని గది తలుపు కొట్టింది. లోపల పెద్దమనుషులున్నారు. "ఎవరో ముష్టిది" అని ఎబో కూర్చున్నచోటి నుంచి లేవలేదు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను, నోరెత్తలేదు. మూడోనాడు అరాబా లారీల స్టాండులో చచ్చిపోయింది. ఆ తర్వాత ఓసారి తాగొచ్చి, "నన్ను తిట్టరా, నీకు దణ్ణం పెడతాను" అని నన్ను బతిమాలాడు. ఏ మొహం పెట్టుకుని తిట్టను?

స్వెడ్రూ అనే ఊళ్లో ఆట పెట్టాం. సినిమా హాలు ఆవరణంతా జనం. అక్క వేషం కట్టిన అటో అనేవాడు కర్ర పొడుచుకుంటూ వచ్చి తలుపు కొట్టాడు.

"చెల్లీ, గుక్కెడు నీళ్లియ్యవే!"

"పో! ఇక్కడ నీకెవరూ లేరు!" అని అరిచాడు ఎబో.

ఇక చెప్పులు పడతాయనుకుని నేను గిటారు వెనక్కి దాచుకున్నాను. మా ఆట ఒక్కటీ వదలని, చేపలమ్మే ఒకావిడ ముందు వరసలోంచి లేచింది.

"అయ్యో, నా తల్లీ! ఆ చేతులు చూడండర్రా, ఎలా వణుకుతున్నాయో! మా ఎబోకి ఎవరో మందు పెట్టారు!"

"ఇంకెవరు, ఈ ముసల్దే! అక్కనంటూ చేరి కొంప ముంచడానికొచ్చింది!" అంది ఇంకొకావిడ.

ఎబో వేషం మరిచిపోయాడు. స్టేజీ అంచుకొచ్చి చేతులు జోడించాడు. "కాదమ్మా! నాకెవరూ ఏ మందూ పెట్టలేదు. ఒళ్లు తెలిసే చేశాను. అది నా సొంత అక్క! నన్ను తిట్టండి, మీకు పుణ్యముంటుంది!"

"విన్నారా? తప్పంతా నెత్తిన వేసుకుంటున్నాడు, వెర్రిబాగులోడు!" అంటూ చేపలావిడ భోరుమంది. నలుగురు ఆడవాళ్లు పైకొచ్చి అటోని రెక్కలు పట్టుకుని మెట్ల మీంచి కిందికి తోసేశారు. "మళ్లీ ఈ గుమ్మం తొక్కావో, కాళ్లు విరగ్గొడతాం!" ఆవరణంతా చప్పట్లు. ఎబో వద్దు వద్దంటూ తల తిప్పుకుంటున్నా వినకుండా నోట్లో కెంకె కుక్కారు.

తెర దించాక బెంట్సిల్ ఎగిరి గంతేశాడు. "ఇంత ఏడుపు నా జన్మలో చూళ్లేదు! ఇక ఈస్టరు దాకా ఊరూరా ఇదే ఆట!"

"వద్దు, అన్నా. అనాథ పిల్ల వేషమే కడతాను. నీ కాళ్లు పట్టుకుంటాను."

"నువ్వు అడిగిందేగా! జనానికి నచ్చింది కూడాను. ఇంకేం కావాలి నీకు?"

ఎబో మూలకెళ్లి కెంకె కక్కుకున్నాడు. నేను వీపు నిమిరాను, అంతకంటే ఏం చేయను?

మొత్తం ముప్పై ఒక్క ఊళ్లలో ఆడాం. ప్రతి ఊళ్లోనూ, మావాడి మీది ప్రేమకొద్దీ, అరాబాని గెంటేశారు.