సాయిశంకర్ వాటా

చెల్లెలు పుష్ప చదువు మానేసి ఇంట్లో కూర్చుంటుందేమోనన్నదే నూకాలు భయం. తను తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. ఇప్పుడు చంకలో పిల్ల, నెత్తిన చేపల గంప, జాలరిపేట నుంచి వీధి వీధీ కేకేసుకుంటూ తిరుగుడు. ఈ బతుకు చెల్లెలికి వద్దు. అందుకే తల్లీతండ్రీ లేని ఆ పిల్లని తనే పాలిటెక్నిక్‌లో మెకానికల్ బ్రాంచిలో చేర్చింది.

చేరాక తెలిసింది, ఫిజిక్స్ లెక్క చూస్తేనే పుష్పకి కళ్లు తిరుగుతాయని. వాలు బల్ల మీద దిమ్మ జారుతుంటే రాపిడి ఎంత అని అడుగుతారట. దానికి తోడు కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్. ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు. ల్యాబ్‌లో ముందు కూర్చున్నవాళ్లు లేవరు.

అప్పుడు దొరికాడు సాయిశంకర్. పెందుర్తి అబ్బాయి, క్లాసులో ఫస్టు, మద్దిలపాలెంలో గది తీసుకుని ఉంటున్నాడు. లెక్కలు విప్పి చెప్పేవాడు, డ్రాయింగులు తనే చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాడు. ఊరికే చేయించుకోవడానికి నూకాలుకి మనసొప్పుతుందా? ఒడ్డుకి వల లాగేటప్పుడు తాడుకి చెయ్యేసినవాడు ఎవరైనా సరే, పేటలో వాటా పెట్టకుండా పంపరు. ఆ వాటా పుచ్చుకున్నవాడు ఇక పరాయివాడు కాడని ఆమె నమ్మకం. అందుకని ఆదివారం ఆదివారం వంజరం చేప ముక్కలకి ఉప్పూ పసుపూ రాసి, డబ్బాలో పెట్టి అతని గదికి పట్టుకెళ్లేది.

"ఏటక్కా ఇది, నీసు వాసనకి మా ఇంటి ఓనరు గొడవ సేత్తాడు" అనేవాడు నవ్వుతూ. డబ్బా మాత్రం అందుకునేవాడు.

"నీ వాటా బాబూ. మా పిల్ల గట్టెక్కితే సాలు."

ఒకరోజు పుష్ప మొండికేసింది. "ఆడి కాడికి నాను ఎల్లనక్కా. క్లాసు గ్రూపులో నన్ను నీసు పుష్ప అంటన్నాడు. అందరూ నవ్వుతన్నారు."

"అంటే అననీ. ఒంటికేటైనా అంటుకుపోద్దా? సదువు కావాలా, పౌరుసం కావాలా?"

"నీకు తెల్దక్కా."

"తెల్దే! తెలిస్తే ఆ లెక్కలు నానే సెప్పుదును కదా. ఎల్లు."

పుష్ప వెళ్లింది. ఆఖరి డ్రాయింగ్ తెచ్చుకుంది.

పరీక్షకి వేరే కాలేజీ సారు వచ్చారు. పుష్ప పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర మీద బోల్టు బొమ్మ చక్కగా పడింది. "కొలతలు వేసిన పొర, ఆ లేయర్ ఆపేసి ఉందమ్మా, ఆన్ చెయ్యి" అన్నారు సారు. నొక్కింది. కొలతలు రాలేదు. బోల్టు తల మీద గంప వచ్చి కూర్చుంది, గంపలో చేప. కింద పెద్ద అక్షరాలు: "రండమ్మా, డిప్లొమా వంజరం!"

ల్యాబంతా గొల్లుమంది. సారు కూడా నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది నువ్వు గీసిందేనా?"

అవునంటే తన పరువు తనే తీసుకున్నట్టు. కాదంటే వేరేవాళ్ల చేత చేయించుకున్నట్టు. పుష్ప పెన్‌డ్రైవ్ పీకి చేతిలో పెట్టుకుంది. సారు సున్నా వేశారు. వెనక సాయిశంకర్ ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు.

ఆ సాయంత్రం పుష్ప ఇంటికి రాలేదు. ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. "ఆడి వాటా ఆడికి ముట్టింది కదక్కా. ఇంక నన్ను సదవమనకు" అని పెట్టేసింది.

నూకాలు పిల్లనెత్తుకుని సాయిశంకర్ గదికి పరుగెత్తింది. వాడు మంచం మీద నుంచి లేవను కూడా లేవలేదు.

"జోకు కూడా తెల్దేటక్కా మీకు? ఈ వారం డబ్బా తేలేదేటి?"

నూకాలు గుమ్మంలోనే వెనక్కి తిరిగింది. చంకలో పిల్ల మాత్రం వాడి వంక చూసి నవ్వింది.

పుష్ప మద్దిలపాలెం బస్ డిపో వెనక ఆడపిల్లల హాస్టల్లో, స్నేహితురాలు ధనలక్ష్మి గదిలో ఉంటోంది. కాలేజీకి పోవడం లేదట. నూకాలు రెండుసార్లు గేటు దాకా వెళ్లింది. అక్కని చూడనని ఆ పిల్ల చెప్పి పంపింది. మీరు అటుగా వెళ్తే ఒకసారి అడగండి, పుష్ప తింటోందా, ఎవరితోనైనా మాట్లాడుతోందా అని. అక్క పంపిందని మాత్రం చెప్పకండి.