కింది వాటాలో బిళ్ళలు

సాయంత్రం భర్త సత్యదేవ్‌ని ఎక్కించుకుని ఆఫీసు సుమో వెళ్లిపోగానే లోవలక్ష్మి మెట్లు దిగి వచ్చేది. మా వంటింట్లో కందిపప్పు డబ్బా వెనక ఆమె ఫిట్స్ బిళ్ళలు ఉండేవి. నేను పెట్టిన నాలుగు ముద్దలు తిని, బిళ్ళ వేసుకుని, కాసేపు కబుర్లు చెప్పి పైకి వెళ్లేది. రోజు మొత్తం మీద నాతో మాట్లాడే మనిషి ఆ పిల్ల ఒక్కతే.

మా ఆయన పోయాక రాంగోపాల్‌పేట్‌లోని మా ఇంటి పై వాటా వాళ్లకి అద్దెకిచ్చాను. వాళ్లది తుని వైపు. సత్యదేవ్‌కి మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం. అమెరికాలో తెల్లవారే వేళకి ఇతను ఇక్కడ ఆఫీసులో ఉండాలి. పగలంతా నిద్ర. ఉన్నది ఒకే గది కావడంతో అతనికి కనబడకుండా అక్కడ ఏదీ దాచడానికి వీల్లేదు.

లోవలక్ష్మి పుట్టింటివాళ్లు ఫిట్స్ సంగతి చెప్పకుండా పెళ్లి చేశారు. ఇంట్లో దిగిన కొత్తలో బట్టలారేస్తూ నా కళ్లముందే పడిపోయింది. తెలివి వచ్చాక నా చెయ్యి వదల్లేదు. "ఆయనకి చెప్పకండి పిన్నీ" అని ఒకటే మాట. బిళ్ళలు నా దగ్గరికి చేరింది అప్పుడే.

ఒక సాయంత్రం ముద్ద కలుపుతూ ఆగిపోయింది.

"నెల తప్పినట్టుంది పిన్నీ."

"మంచిదేగా!"

"మంచిదేటి పిన్నీ! పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడతన్నాను కదా, ఒక్క రోజూ మానలేదు. సొంతిల్లు కొన్నాకే పిల్లలన్నారు ఆయన."

ఆ మాత్రలు రాసిచ్చింది మోండా మార్కెట్ దగ్గరి ప్రేమమణి డాక్టరమ్మ. సత్యదేవ్ అక్క ఇంద్రజ నేరేడ్‌మెట్ నుంచి ఆమె దగ్గరికే వస్తుంది. మరదలిని మొదటిసారి తీసుకెళ్లి చూపించిందీ ఇంద్రజే. ఆడపడుచు పక్కన కూర్చుని ఉంటే ఫిట్స్ మాట ఎలా చెబుతుంది? ఫిట్స్ డాక్టరు తునిలో ఉన్నాడు. ఆ మందు తల్లి కొని పంపేది. ఈ మాత్రల సంగతి ఆ డాక్టరుకీ తెలియదు.

మర్నాడు సత్యదేవ్ నిద్రపోతుండగా ఇద్దరం ఆటోలో వెళ్లాం.

"మాత్ర వేసుకునుడు ఎన్నడన్న మర్చిపోయినవా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండి."

"వేరే మందులేమన్న వాడుతున్నవా?"

లోవలక్ష్మి నా వైపు ఒకసారి చూసి, "లేదండి" అంది.

డాక్టరమ్మ పెన్ను తీసింది. నేను నోరు విప్పితే ఆ పిల్ల ఇక నా గడప తొక్కదని తెలుసు. కానీ ఏ మందు దేనితో పడదో మా ఇద్దరికీ తెలియదు. కడుపులో నిజంగా బిడ్డే ఉంటే?

"వాడుతోందండి. ఫిట్స్‌కి" అన్నాను. ఎందుకైనా మంచిదని సంచిలో వేసుకొచ్చిన బిళ్ళల అట్ట బల్ల మీద పెట్టాను. లోవలక్ష్మి ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"ఏందమ్మా! గిది ముందే చెప్పాలె కద. ఈ గోలీ వాడుతుంటే ఆ మాత్ర సరిగ్గ పనిచెయ్యదు. దాని బలం తగ్గిపోతది."

"అయితే ఫిట్స్ బిళ్ళ మానేస్తానండి."

"అరె, ఆ పని మాత్రం చెయ్యకు! ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఎక్కువైతయ్, పానం మీదికొస్తది. నీ ఫిట్స్ డాక్టర్‌కు సుత అన్నీ చెప్పు. పరేషాన్ గాకు, ముందుగాల పరీక్ష చేద్దాం."

పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. అయినా వారం ఆగి మళ్లీ చూడాలంది.

"అందాక నిరోధ్ వాడుండ్రి. కడుపు లేదని ఖాయమైనంక కాపర్-టీ పెడతా. దానికి ఈ గోలీతోని ఏం తక్లీఫ్ లేదు."

"మా ఆడపడుచుకి..."

"నీ ముచ్చట నేనెవ్వరికీ చెప్ప. మీ ఆయనకు మాత్రం నువ్వే చెప్పుకో. ఇద్దరు కలిసి జాగ్రత్త పడాల్సిన పని ఇది."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒకే ఒక్క మాటంది. "మా అమ్మ కూడా నోరు జారలేదు పిన్నీ."

"బిళ్ళ మానకు తల్లీ" అన్నాను. ఆటో ఆగగానే దిగి పైకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సుమో హారన్ కొట్టి కొట్టి అతను ఎక్కకుండానే వెళ్లిపోయింది. పైన సత్యదేవ్ గొంతు వినిపించింది. తర్వాత లోవలక్ష్మి ఏడుపు. వండుకున్న అన్నం ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని లేచాను. వచ్చింది సత్యదేవ్. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఆ బిళ్ళలు ఇస్తారాండీ?"

తెచ్చి ఇచ్చాను. "కూర్చో బాబూ" అన్నాను.

"మీకు మొదట్నుంచీ తెలుసా అండీ?"

"తెలుసు."

"ఫిట్స్ ఉంటే ఉన్నాయి, మందుంది కదా. నా పెళ్లాం మందు పెట్టుకోడానికి నా ఇంట్లో చోటే లేకపోయిందేటండి?"

"అన్నం తిన్నాక వేసుకుంటుంది" అన్నాను. తలూపి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత సుమో మళ్లీ మామూలుగా వస్తోంది. భర్తను సాగనంపి లోవలక్ష్మి తలుపు వేసుకుంటుంది. నేను వండే బియ్యం తగ్గించాను.

వారం తిరిగాక ఇద్దరూ ఆటో దిగుతుంటే చూసి బయటికొచ్చాను. అతను ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు.

"ఏమన్నారమ్మా?"

"కడుపు లేదన్నారు. కాపర్-టీ పెట్టారండి."

"నొప్పిగా ఉందా?"

"కొంచెం ఉందండి. మీరు బాగున్నారాండీ?"

ఆమె నన్ను పిన్నీ అనకుండా మాట్లాడడం అదే మొదలు.

"బాగున్నానమ్మా" అన్నాను.

సత్యదేవ్ ముందు వెళ్లి తాళం తీస్తున్నాడు. ఆమె గోడ పట్టుకుని మెల్లగా మెట్లెక్కింది. రాత్రి బిళ్ళ అన్నం తిన్నాకే వేసుకుంటోందా అని అడగబోయి ఊరుకున్నాను.