తోడల్లుడి ఫోటో

డెబ్బై ఆరు నాటి మాట. మస్కట్‌లో భీమన్నకు కూడు సయించడం మానేసింది. జబ్బేమీ కాదు, వట్టి కడుపుమంట. తోడల్లుడు ఇస్తారి ఫోటో దిగాడు.

ఇస్తారికి వీసా తెప్పించింది భీమన్నే. పాత కోట మరమ్మతు పనిలో పెట్టించిందీ భీమన్నే. తాను తాపీ పట్టిన మేస్త్రీ, వాడు కలిపిన సిమెంటు మాలు అందించే కూలీ. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

పోర్చుగీసువాళ్లు కట్టి వదిలేసిన చర్చీల ఫోటోలు తీస్తూ దేశాలు తిరిగే సారు ఒకాయన గోవా నుంచి వచ్చాడు. కోటలో అలాంటిది ఒకటుంది, పైకప్పు సగం కూలి. గుమ్మం ఎత్తు తెలియాలంటే పక్కన మనిషి ఉండాలట. ఎదురుపడ్డ ఇస్తారిని నిలబెట్టి తీశాడు. ఒక కాపీ కడిగించి తెచ్చి వాడికీ ఇచ్చాడు.

"అత్తకు పంపుతున్ననే అన్నా. గోడకు తగిలిస్తదట," అన్నాడు ఇస్తారి, పళ్లన్నీ బయటపెట్టి.

పెద్దల్లుడు ఉండగా చిన్నల్లుడు అత్త కమలవ్వ గోడెక్కడమా! భీమన్నకు ఏడుపొక్కటే తక్కువ.

లోపలి గోడ మీద చెక్కిన పని ఫోటో తీయడానికి వచ్చే శుక్రవారం మళ్లీ వస్తానని సారు చెప్పి వెళ్లాడు. భీమన్నకు ఉపాయం తట్టింది. ఇస్తారికి నిలబడటమే వచ్చు, తనకు పని వచ్చు. పని చూశాక సారు ఎవరిని పిలుస్తాడో చూద్దాం.

శుక్రవారం సెలవైనా పొద్దున్నే సున్నం, సిమెంటు కలుపుకుని వెళ్లాడు. గోడను చూస్తే జాలేసింది. శిలువ చుట్టూ తీగలు, ఏవో అక్షరాలు, అన్నీ అరిగి పెచ్చులూడుతున్నాయి. ఫోటో దిగే గోడను ఎవరైనా ఇలా ఉంచుతారా? ఎగుడుదిగుడంతా గీకేసి, తాపీతో నున్నగా లాగి, పైన వెల్ల వేశాడు. సొంతింటి గోడకు కూడా అంత శ్రద్ధగా పూయలేదు.

సారు వచ్చాడు. వెంట ఇస్తారి, తలకు నూనె, ఒంటికి ఇస్త్రీ చొక్కా. గోడను చూడగానే సారు కెమెరా సంచీ కింద పెట్టేశాడు. చెక్కడం ఉండాల్సిన చోట తడి వెల్లను చేత్తో తడిమి, ఇది ఎవరు చేశారని అడిగాడు.

"కిస్‌నే కియా?"

"హమ్ కియా సాబ్! ఏక్‌దమ్ నయా!" అన్నాడు భీమన్న.

సారు ముఖం చూసిన ఇస్తారి, మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఇద్దరం చేసినమని చెప్పు. నీ ఒక్కని మీదికే రానియ్యకు."

"పని నాది, పేరు నీకా? అటు జరుగు!"

సారు భీమన్న ఒక్కణ్ణే గోడ పక్కన నిలబెట్టి, కెమెరా తీశాడు. ఈ ఫోటో మీ కంపెనీ ఆఫీసులో ఇవ్వాలి, ముఖం బాగా కనిపించాలి అన్నాడు హిందీలో. ఆఫీసులో కూడానా! భీమన్న చొక్కా సర్దుకుని, తాపీని గుండెకు ఆనించుకుని, నిటారుగా నిలబడ్డాడు.

పక్కకు జరిగిన ఇస్తారి కళ్లలో నీళ్లు తిరిగాయి. వీడికి ఇప్పటికి కుళ్లు పుట్టిందనుకోగానే, భీమన్న కడుపు చల్లబడింది.