వౌట్ మామయ్య కొడుకు

యానెకా పుట్టినరోజు ఆ ఏడాది ఆదివారం పడింది. మధ్యాహ్నం రెండింటికల్లా ముందుగదిలో కుర్చీలు గుండ్రంగా వేసి, ఆపిల్ టార్ట్‌ను పన్నెండు ముక్కలు కోసి ఉంచింది. తనతో కలిపి పన్నెండుమంది. మనిషికో ముక్క.

ఆ పన్నెండుమందిలో ఇద్దరి గురించే ఆమెకు రాత్రంతా నిద్రలేదు. ఒకడు మరిది రూలోఫ్. రెండోవాడు బ్రామ్, అందరికీ తెలిసినంతవరకు ఆమె మేనమామ వౌట్ కొడుకు. నిజానికి బ్రామ్ పోలీసు.

రూలోఫ్ రేవు దగ్గర అరటిపళ్ళ వ్యాపారం చేస్తాడు. అన్న సీమ్ పోయాక, వాడకుండా ఉన్న వదిన గరాజును ఖాళీ పెట్టెలకని అడిగి తీసుకున్నాడు. పోయిన మార్చిలో నిచ్చెన కోసం వెళ్ళిన యానెకాకు ఆ పెట్టెల అడుగున మైనపు గుడ్డ చుట్టిన ఇటుకల్లాంటివి కనబడ్డాయి. అడిగితే రూలోఫ్ నవ్వాడు. ఒక్క వారం ఓపిక పట్టమన్నాడు, అరటిపళ్ళే అనుకోమన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఆడమనిషి ఒంటరిగా ఉంటున్నప్పుడు నోరు జాగ్రత్తగా ఉండాలని కూడా అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఆమె పోలీసులకు ఫోన్ చేసింది. ఫ్రౌకా అనే ఆవిడ పక్క ఊళ్ళోని ఈతకొలను క్యాంటీన్‌లో కలిసింది. యానెకా పేరు ఏ కాగితంలోనూ రాదని మాట ఇచ్చింది. తర్వాత ఒక్క సాయం అడిగింది, మా మనిషిని మీ బంధువని చెప్పి రూలోఫ్ దగ్గర పనిలో పెట్టించమని.

వౌట్ మామయ్య ఎక్కడో ఉత్తరాన గ్రోనింగెన్ వైపు బతికి, అక్కడే పోయాడు. అత్తవారి వైపు వాళ్ళెవరూ ఆయన్ని చూడలేదు. అందుకే ఆయన్ని ఎంచుకున్నారు. ఆయన పొలం ఎప్పుడు అమ్మారో, బ్రామ్ చిన్నప్పుడు గుర్రం మీంచి పడి ఏ భుజం విరగ్గొట్టుకున్నాడో, అన్నీ యానెకా చేత బట్టీ పట్టించారు. ఎనిమిది నెలలుగా బ్రామ్ రూలోఫ్ లారీ నడుపుతున్నాడు. ఈ గురువారం మత్తుమందుల పెద్ద సరుకు దిగుతుంది. అది చేతికి చిక్కితే పని అయిపోయినట్టే. ఇంకా నాలుగు రోజులు గడవాలి.

కాఫీ పోస్తుండగా గంట మోగింది. తలుపు తీస్తే కోబా పెద్దమ్మ. యానెకా తల్లికి, వౌట్ మామయ్యకు కూడా అక్క. ఎనభై నాలుగేళ్ళు. జలుబు చేసింది, రానని మొన్ననే ఫోన్ చేసింది. జలుబు తగ్గిందట.

యానెకా చేతిలో కాఫీ పాత్ర బరువెక్కింది. బ్రామ్‌ను పక్కకు పిలిచే వీలు లేదు. పెద్దమ్మ అప్పటికే కోటు విప్పి, వరసలో మొదటి కుర్చీ దగ్గర మొదలుపెట్టింది. అక్కడి ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కరి చేయీ పట్టుకుని, మీ వదిన పుట్టినరోజు శుభాకాంక్షలు, మీ పక్కింటావిడ పుట్టినరోజు శుభాకాంక్షలు అంటూ గుండ్రంగా తిరుగుతోంది. ఏడో కుర్చీలో బ్రామ్ ఉన్నాడు. లేచి చేయి చాపాడు. పెద్దమ్మ తల ఎత్తి అతని మొహం చూసింది. చేయి కాస్త ఎక్కువసేపే పట్టుకుంది. ఏ వరసా కలపకుండా ఉత్తినే శుభాకాంక్షలని, ఎనిమిదో కుర్చీకి వెళ్ళిపోయింది.

యానెకా తన టార్ట్ ముక్క పెద్దమ్మకు ఇచ్చి, తను బిస్కెట్ తీసుకుంది. చూపు ఆనలేదేమోలే అనుకుంది.

చీజ్ ముక్కలు, ఆవాల ముద్ద తెచ్చేసరికి రూలోఫ్ టాయిలెట్‌కు వెళ్ళాడు. రావడానికి ఆలస్యమైంది. వచ్చినా కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మీ పుట్టినరోజుల కేలండర్ చదువుతూ కూర్చున్నాను వదినా. జనవరి నుంచి డిసెంబరు దాకా. మా కుక్కపిల్ల పేరు కూడా రాశారు, సంతోషం. మీ వౌట్ మామయ్య కొడుకు బ్రామ్ పేరు మాత్రం లేదేం?"

అతను నవ్వుతూనే అన్నాడు. గదిలో అందరూ నవ్వబోయి ఆగారు. ఆ దేశంలో ఏ ఇంట్లోనైనా టాయిలెట్ గోడకు అయినవాళ్ళ పుట్టినరోజులు రాసుకునే ఆ కేలండర్ ఉంటుంది. ఎవరినైనా మర్చిపోతే ఆ ఇంటి పరువు పోతుంది. యానెకా అయితే ఎవరినీ మర్చిపోయే మనిషి కాదు. విరిగిన భుజం దాకా నేర్పిన పోలీసుల్లో ఒక్కరికీ ఇది తట్టలేదు. ఆమెకూ తట్టలేదు.

బ్రామ్ ఏదో చెప్పబోయాడు.

"నువ్వు మాట్లాడకు," అంది కోబా పెద్దమ్మ. "మీ నాన్న కూడా ఇలాగే మధ్యలో దూరేవాడు." ఫోర్కు పళ్ళెంలో పెట్టి రూలోఫ్ వైపు తిరిగింది. "ఎలా ఉంటుందయ్యా? మా నాన్న చావుకు రాని మనిషి వాడి నాన్న. ఆ ఇంటి వాళ్ళ పేర్లు మేం రాయం. ఇందాక చేయి కలిపానంటే అది కూడా యానెకా మొహం చూసి. ఈ పిల్ల మెత్తనిది, వచ్చిన వాడినల్లా రానిస్తుంది. నేను ఇంకా వాడితో మాట్లాడటం లేదు."

"ఇప్పుడు మాట్లాడారుగా," అన్నాడు రూలోఫ్.

"తిట్టడం మాట్లాడటం కాదు."

ఈసారి అందరూ నవ్వారు. రూలోఫ్ కూడా నవ్వి, వచ్చి బ్రామ్ భుజం తట్టాడు.

"పెద్దావిడ గట్టిదేరా. పోనీలే, మా ఇంట్లో రాస్తాం నిన్ను. ఎప్పుడు పుట్టావు?"

"మే పదకొండు," అన్నాడు బ్రామ్ తడుముకోకుండా.

రూలోఫ్ భార్య మార్గ్రీట్, ఇంటికి వెళ్ళగానే రాస్తానంది. ఆమె నవ్వలేదు. కొంతకాలంగా ఆమె దేనికీ నవ్వడం లేదు.

అందరూ వెళ్ళాక పెద్దమ్మ కప్పులు వంటింట్లోకి తెచ్చింది. యానెకా సింకు అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"వౌట్‌కు పిల్లలు లేరు," అంది పెద్దమ్మ నెమ్మదిగా. "నువ్వు ఎనిమిదేళ్ళప్పటి నుంచి అందరి పుట్టినరోజులూ రాస్తున్నావు. నువ్వు రాయలేదంటే ఆ మనిషి పుట్టలేదన్నమాటే."

"పెద్దమ్మా, నేనేమీ చెప్పలేను."

"నేనేమీ అడగలేదే. నీ మొహం చూశాను, అంతే." తువ్వాలు తీసుకుని ఒక కప్పు తుడిచింది. "నాన్న చావుకు శవపేటిక మోసింది వౌటే. మంచు కురుస్తుంటే ముందు రోజే వచ్చాడు. ఇవాళ వాడి మీద అంత మాట అన్నాను. ఏమీ అనుకోడులే."

ఆ సాయంత్రం యానెకా జరిగినదంతా ఫ్రౌకాకు ఫోన్‌లో చెప్పింది. మా టాయిలెట్లోనూ ఉంది ఆ కేలండర్, రోజూ చూస్తూనే ఉంటాను అంది ఫ్రౌకా. ఇక్కడితో ఆపేద్దామా అని అడిగింది. వద్దంది యానెకా.

గురువారం పొద్దుటి నుంచీ దిండు గలీబులు ఇస్త్రీ చేసింది. అయిపోతే మడతలు విప్పి మళ్ళీ చేసింది. పదీ పదికి ఫోన్ మోగింది.

"సరుకుతో సహా పట్టుకున్నాం," అంది ఫ్రౌకా. "ఎవరికీ దెబ్బ తగల్లేదు. బ్రామ్‌కు కూడా అందరి ఎదుటా బేడీలు వేసి తీసుకొచ్చాం. రూలోఫ్ అతన్ని చూసి జాలిపడ్డాడు. మీ మీద ఎవరికీ అనుమానం లేదు."

"బ్రామ్ ఇప్పుడేం చేస్తున్నాడు?"

"నా ఎదురుగానే కూర్చుని బ్రెడ్ తింటున్నాడు."

"బ్రెడ్‌లో ఏం పెట్టుకుని?"

ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు. చీజ్ అంది ఫ్రౌకా. అది విని యానెకా ఇస్త్రీ బల్ల పక్కనే నేలమీద కూర్చుని, కళ్ళు తుడుచుకోకుండా ఏడ్చింది.

మూడింటికి గంట మోగింది. గుమ్మంలో మార్గ్రీట్, జుట్టంతా వానకు తడిసి. యానెకా పొద్దుటి నుంచి భయపడినది ఈ ఒక్కదానికే.

"రూలోఫ్‌ని తీసుకెళ్ళారక్కా."

"లోపలికి రా."

మార్గ్రీట్ కోటు విప్పలేదు. "ఎవరు చెప్పారో నాకు తెలుసుకోవాలని లేదు. ఎవరైనా సరే, వాళ్ళు చల్లగా ఉండాలి. తినడానికేమైనా ఉందా?"

బఠాణీ సూప్ ఉంది. మార్గ్రీట్ రెండు గిన్నెలు తాగింది. ఇంటి ముందు కారు ఆగిన ప్రతిసారీ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళడమే ఏడాదిగా తన పనైపోయిందని చెప్పింది. జైల్లో ఉంటే కనీసం ఎక్కడున్నాడో తెలుస్తుందట. పాపం బ్రామ్‌ను కూడా పట్టుకున్నారట అంది. పాపం అంది యానెకా కూడా.

సగం మాటలో మార్గ్రీట్ సోఫాలోనే నిద్రపోయింది. యానెకా ఆమె బూట్లు విప్పి, దుప్పటి కప్పింది. గిన్నెలు తీయబోయి, ఒక్క నిమిషం కూర్చుందామని ఎదుటి కుర్చీలో వాలింది. కళ్ళు తెరిచేసరికి సాయంత్రమైంది. ఎంగిలి గిన్నెలు బల్లమీద అలాగే ఉన్నాయి. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆమె వాటిని అలా వదిలేసి నిద్రపోవడం అదే మొదటిసారి. వాటివంక కాసేపు చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.