ఫ్రీజర్ తలుపు మీద టైము

పుచ్చకాయ రసం వడకట్టి, చక్కెర, నిమ్మరసం కలిపి ఐసు కట్టాలని గిన్నె ఫ్రీజర్‌లో పెట్టాను. తలుపు మీద సుద్దముక్కతో ఎనిమిదీ పది అని రాశాను. ఎనిమిదిన్నరకి తెరిచి చూశాను. నీళ్లే.

మా నాన్న కోల్డ్ స్టోరేజీలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. అక్కడ గది తలుపు మూసినప్పుడల్లా టైము రాస్తారు. మధ్యలో తెరిస్తే పాతది చెరిపి కొత్తది రాయాలి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆ పద్ధతే ఇంట్లో ఫ్రిజ్‌కీ పెట్టాడు. ఐసు కావాలంటే ఆరు గంటలు ఆ అంకె జోలికి ఎవరూ పోకూడదు. నేనుండగా అది ఏనాడు జరిగింది గనక. అందుకే నన్ను తొందరమ్మ అనేవాడు.

ఇవాళ్టి తొందర వేరు. రెండేళ్ల తర్వాత అక్క వస్తోంది. అక్క నర్సు. నాన్న ఆఖరి వారంలో తనకి సెలవు దొరకలేదు. ఆయన పోయిన రోజు తను గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో, "ఊళ్లో అందరికీ సేవ చేస్తావు, కన్నతండ్రికి తప్ప" అనేశాను. అదీ పదిమందిలో. నా నోరు పడిపోను. అక్క తిట్టలేదు, ఏడవలేదు. మళ్లీ మా గడప తొక్కలేదు, అంతే. ఇప్పుడు ఎక్కడో దూరానికి బదిలీ అయిందట. ఒంటిగంటకి వచ్చి నాలుగున్నర బస్సుకి వెళ్తానని ఫోన్ చేసింది. ఈలోపు ఆ మాట వెనక్కి తీసుకోకపోతే ఇక ఎప్పటికీ తీసుకోలేను.

కీరా తరిగి ఉప్పు వేశాను. వేశానో లేదో అని మళ్లీ వేశాను. పుదీనా దంచి నిమ్మరసంలో కలిపాను. మధ్యమధ్యలో ఫ్రీజర్ తెరవడం, చెరపడం, రాయడం.

మా ఆయన పేపరులోంచి తల ఎత్తకుండానే, "ఆ తలుపు ఊడదీసి ఒళ్లో పెట్టుకోరాదూ" అన్నాడు.

"మీ పని మీరు చూసుకోండి" అన్నాను. చేతులు నిలవడం లేదు నాకు.

అక్క వచ్చింది. చిక్కిపోయింది. కీరా ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు కషాయమే" అని తనే పెరుగు కలిపి సరిచేసింది. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. తలుపంతా తెల్లటి మరకలు, వాటి మధ్య పన్నెండూ నలభై.

"ఎన్నిసార్లు తెరిచావే?"

"లెక్కపెట్టలేదు."

"ఇంకేం ఐసు. నేను బస్సెక్కాక మీరే తినండి."

ఎండల గురించి మాట్లాడాం, కొత్త ఊరి గురించి మాట్లాడాం. అసలు మాట మాత్రం ఎత్తలేకపోయాను. నాలుగు కొట్టింది. అక్క సంచి భుజాన వేసుకుంది.

"అక్కా, నీ మీద కాదు ఆ రోజు నా కోపం" అన్నాను. "ముందురోజు నాన్న నోరెండిపోయి ఐసుముక్క అడిగాడు. ఇంట్లో లేదు. అయిందా అయిందా అని పొద్దున్నించీ తెరిచి నేనే కానివ్వలేదు. ఉత్త నీళ్లు తాగించాను. అది ఎవరికీ చెప్పలేక నిన్ను అన్నాను."

 "ఈ రెండేళ్లూ నువ్వన్నదే నిజమనుకున్నానే" అంది అక్క. 

సంచి కింద పెట్టింది. ఫ్రీజర్ తెరిచి, గిన్నె అంచుల్లో పట్టిన పలుకుల్ని ఫోర్కుతో గీరి కలిపింది. తలుపు మూసి, కొంగుతో పన్నెండూ నలభై చెరిపి, నాలుగూ పది అని రాసింది.

"రేపు పొద్దున కూడా బస్సుంది. ఈసారి దాని మీద చెయ్యి వేశావో, విరగ్గొడతాను."

ఆరు గంటలూ నేను అక్క పక్కనుంచి లేవలేదు.