అప్పజెప్పిన పాట

అన్నయ్య మీద నా కోపం ఈనాటిది కాదు. నాకు ఏడేళ్ళప్పుడు నాన్న వాడిని డ్రమ్స్ ముందు కూర్చోబెట్టి "విను, విన్నది వాయించు" అన్నాడు. నన్ను పియానో ముందు కూర్చోబెట్టి, ఎదురుగా స్వరాలు రాసిన కాగితం పెట్టి "ఇందులో ఉన్నది ఉన్నట్టు వాయించు, నీకది చాలు" అన్నాడు. ఆ 'చాలు' అన్న మాట నలభై ఏళ్ళుగా నన్ను గుచ్చుతూనే ఉంది.

నాన్నది చిన్న జాజ్ బ్యాండ్. తను పియానో, అన్నయ్య డ్రమ్స్, వదిన బేస్ గిటార్. శనివారం సాయంత్రాలు ఒక హోటల్లో వాయించేవాళ్ళు. నాన్న పోయి ఏడాదయింది, పియానో కుర్చీ ఖాళీగా ఉంది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పియానో నేర్పుతున్న చెల్లెలు రెండు వీధుల అవతలే ఉంటే, వాడు బయట ఎవరినో వెతుకుతున్నాడట! సిగ్గు విడిచి నేనే వెళ్ళి అడిగాను.

"జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవాలి చిట్టీ. కాగితం లేకపోతే నువ్వు దిక్కులు చూస్తావు" అన్నాడు.

"నెల రోజులు ఆగు. అప్పుడు చెప్పు."

"సరే, నెలాఖరు ఆదివారం రా. నాన్న పాట వాయించి చూపించు. కుదరకపోతే మళ్ళీ నన్నడగకూడదు."

నాన్న పాట అంటే నాన్న స్వయంగా కట్టిన ట్యూన్. మాటలు లేవు, ముప్ఫై రెండు బార్లు, అంటే ముప్ఫై రెండు తాళావర్తాలు, అంతే.

తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్ళాను. పెళ్ళికి ముందు పిన్ని ఓడల్లో జాజ్ పియానో వాయించేది. ఇప్పుడు బట్టలు సరిచేసే కొట్టు నడుపుతోంది. హ్యాంగర్ల వెనక పాత పియానో ఇంకా ఉంది. వెళ్ళీ వెళ్ళగానే పన్నెండు స్కేళ్ళూ, ఆ స్వరాల వరుసలన్నీ, గడగడా వాయించేశాను. పిన్ని నోట్లోంచి గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది.

"అయిందా? ఇప్పుడు ఇందులో ఏది మీ నాన్న పాటలో ఎక్కడ పెడతావో పెట్టి చూపించు."

ఒక్కటి పెట్టగలిగితే ఒట్టు! ఒళ్ళు మండిపోయింది.

"విడిగా ఎన్నిసార్లు తోమినా పాటలోకి రాదే పిచ్చిదానా. పాటలో పెట్టే తోముకోవాలి. వారానికి ఒక్క కిటుకు. పాట మాత్రం మారదు" అంది.

మొదటి వారం, వాలాల్సిన స్వరం మీద నేరుగా వాలకుండా దాని కింది మెట్టు ఒకసారి తాకి రావడం. ముప్ఫై రెండు బార్లలోనూ అదే పని. రెండో వారం, మూడే స్వరాలు పట్టుకుని వాటి నడక మార్చి మార్చి వాయించడం. విసుగొచ్చింది, తిట్టుకున్నాను, అయినా చేశాను. మూడో వారం పిన్ని, "ప్రతి బార్‌లో మొదటి బీట్ మీద చేతులెత్తెయ్. ఏమీ వాయించకు" అంది.

"వాయించకుండా ఉండటానికి నీ దగ్గరికి రావాలా పిన్నీ?"

"నీ కోపమంతా తెచ్చి ప్రతి సందులో కుక్కేస్తున్నావు. పక్కవాళ్ళు వాయించేది నీకు వినపడదు."

"నాకెందుకు వినపడదు?"

"ఇందాకటి నుంచి కత్తెరతో బల్ల మీద తాళం తప్పు కొడుతున్నాను. విన్నావా?"

వినలేదు. పియానో మూత ధడాలున వేసి వచ్చేశాను. నాలుగో వారం అటు తొంగి కూడా చూడలేదు. పిన్ని చెప్పిన కిటుకులన్నీ గుదిగుచ్చి నాన్న పాట మీద రెండు పేజీల సోలో రాసుకున్నాను. పిల్లలకు ఇన్నేళ్ళూ నేర్పింది అదేగా! కళ్ళు మూసుకున్నా వచ్చేంతగా బట్టీ పట్టాను.

ఆదివారం అన్నయ్య ఇంటి వెనకగదిలో నాన్న కుర్చీలో కూర్చున్నాను. నాకది ఎత్తు. కిందికి తిప్పబోతే వాడు "మార్చకు, అది నాన్న పెట్టుకున్న ఎత్తు" అన్నాడు. పళ్ళు నూరుకుని, మడమలు గాల్లో ఉంచుకునే వాయించాను. ఒక్క స్వరం తప్పలేదు.

"అబ్బ! అచ్చం మావయ్యలాగే!" అంది వదిన.

అన్నయ్య మాత్రం "ఇంకోసారి" అన్నాడు.

ఇంకోసారీ వాయించాను. రెండో లైన్లో ఉండగా, నేను వాయించబోయే వరుసని వాడు నాకంటే ముందే డ్రమ్ మీద కొట్టాడు. తర్వాతి వరుసా అంతే. ఆ తర్వాతిదీ అంతే. నా చేతులు ఆగిపోయాయి. తల కొట్టేసినట్టయింది.

"బట్టీపట్టి వచ్చి అప్పజెబుతున్నావు. నాన్న సరిగ్గానే అన్నాడు. నీకు కాగితం చాలు."

అరికాలి మంట నెత్తికెక్కింది.

"మొదలుపెట్టు" అన్నాను.

"ఇంకా ఎందుకే..."

"మొదలుపెట్టమన్నానా!"

బట్టీపట్టిన రెండు పేజీల్లో ఒక్క ముక్క గుర్తులేదు. పాట ఒక్కటే మిగిలింది. మొదటి బీట్ మీద నేనేం కొడతానో తెలిసినవాడిలా అన్నయ్య గట్టిగా కొట్టాడు. నేను చేతులెత్తేశాను. వాడి దెబ్బ ఒక్కటే గదిలో మోగింది. తర్వాత తాపీగా మూడు స్వరాలు వేశాను. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఎత్తేశాను. ఆ ఖాళీలో వాడు మొదటిసారి నాకు వినపడ్డాడు. రెండో బీట్‌కి రవ్వంత ఆలస్యంగా వస్తున్నాడు. పదేళ్ళప్పుడూ వాడిదదే జబ్బు. ఆ ఆలస్యంలో, కింది మెట్టు తాకి వచ్చి ఒక స్వరం పెట్టాను. వాడు గతుక్కుమని నడక మార్చాడు. నేనూ మార్చాను. వదిన బేస్ మా ఇద్దరి మధ్యా నడిచింది. కోపం తగ్గిందనుకునేరు, ఇసుమంత కూడా తగ్గలేదు! కాకపోతే ఇప్పుడు వింటూ కోప్పడుతున్నాను.

పాట ముగిశాక అన్నయ్య పుల్లలు పక్కన పెట్టి చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"రెండో లైన్లో ఆగి ఆగి వాయించావు చూడు, శనివారం హోటల్లో అదే వాయించు" అన్నాడు.

"అది అయిపోయింది అన్నయ్యా. శనివారం ఏదొస్తే అది."

నేను సంచీలోంచి రెండు పేజీలూ తీసి వాడి డ్రమ్ మీద పెట్టాను.

"కాగితం కావాలంటే నువ్వుంచుకో."

తర్వాత లేచి, నాన్న కుర్చీని నాలుగు చుట్లు కిందికి తిప్పాను. వాడు వద్దనలేదు. కూర్చుంటే నా కాళ్ళు నేలకానాయి.